ఏ అలవాటూ లేని ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్: నా కొలనోస్కోపీ అనుభవం

గత ఏడాది శ్రావణమాసంలో మా అన్నయ్యకు పెద్దపేగు క్యాన్సర్ అని బయాప్సీ రిపోర్టు వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలోని వాళ్లింటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరూ వదిన చెయ్యి పట్టుకొని ఒకే మాట అన్నారు: "ఏ అలవాటూ లేని మనిషి కదమ్మా, ఈయనకెందుకు వచ్చింది?" నిజమే. అన్నయ్య సిగరెట్టు ముట్టలేదు, మందు రుచి ఎరగడు, మా పుట్టింట్లో మాంసం వండిన రోజు లేదు. ఆ మాటలో ఓదార్పు ఉంది. దానితోపాటే, చెడు అలవాట్లు లేనివాళ్ల జోలికి ఈ జబ్బు రాదన్న ఒక పొరపాటు నమ్మకం కూడా ఉంది. ఆ నమ్మకమే నా పరీక్షను నాలుగు నెలలు వాయిదా వేయించింది గనుక, జరిగిన క్రమాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

అన్నయ్యకు అప్పటికి 52 ఏళ్లు. పాతికేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాడు. సీజనులో తెల్లవారకముందే వెళ్లి, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు, తూకం చీటీలు, రైతుల పట్టీలు రాసుకుంటూ రాత్రి దాకా కూర్చున్నచోటు నుంచి లేవడు. నలభై దాటగానే షుగరు వచ్చింది. పొట్ట ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. వయసు వచ్చిన మనిషికి పొట్ట రావడం సహజమేనని ఇంట్లో అందరం అనుకున్నాం, నేను కూడా అనుకున్నాను.

మలంలో రక్తం మొదటిసారి కనిపించినప్పుడు ఆ సంగతి వదినకైనా చెప్పలేదు. కొట్టులో తోటి గుమాస్తాకు చెబితే, "మొలలు అయ్యుంటాయి, కూర్చొని పనిచేసే వాళ్లందరికీ ఉండేదే" అన్నాడట. మన ఊళ్లలో ఏ గోడ చూసినా, ఏ ఆటో వెనక చూసినా మొలలకు, ఫిషరుకు, భగందరానికి ఆపరేషన్ లేని వైద్యం అన్న ప్రకటనలే కనిపిస్తాయి. అలాంటి ఒక చోటికే అన్నయ్య వెళ్లాడు. అక్కడ పరీక్ష చేసి చూసిన వారు లేరు, రక్తపరీక్ష రాసిన వారు లేరు. మాత్రలు, పూత మందు ఇచ్చి, కారం తగ్గించమని చెప్పి పంపారు. రక్తం కొన్నాళ్లు ఆగేది, మళ్లీ కనిపించేది. అలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. చివరికి ఇంటి మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, హిమోగ్లోబిన్ 7.6 ఉందని తేలింది. ఈ వయసు మగవాడిలో రక్తం ఇంతగా తగ్గిందంటే అది ఎక్కడికి పోతోందో చూసి తీరాలని ఆయన గట్టిగా చెప్పి, పేగుల డాక్టరు దగ్గరికి పంపించారు. పెద్దపేగు చివరి భాగంలో, సిగ్మాయిడ్ అనే వంపులో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసినప్పుడు పక్కనున్న లింఫు గ్రంథుల్లో మూడింటికి వ్యాధి పాకి ఉంది. అంటే మూడో దశ.

ఆ తర్వాత కీమోథెరపీ. అందులో ఎక్కించే ఒక మందు వల్ల చల్లని వస్తువు తగిలితే వేళ్లు తిమ్మిరెక్కి సూదులతో పొడిచినట్టు ఉంటుంది. ఒకరోజు నేను వెళ్లినప్పుడు, ఫ్రిజ్‌లో నుంచి పెరుగు గిన్నె తీయబోయి అన్నయ్య ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వదిన ఏమీ మాట్లాడకుండా వచ్చి గిన్నె అందుకుంది. తలుపు పిడికి ఒక పాత తువ్వాలు చుట్టి ఉంది. ఆ తువ్వాలు నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

ఆపరేషన్ చేసిన సర్జన్ గారు అప్పుడే మమ్మల్ని అడిగారు, తోబుట్టువులు ఎంతమంది అని. నేను విజయవాడలో, చెల్లెలు తెనాలిలో. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వస్తే, మిగిలిన వాళ్లకు ఆ ముప్పు మామూలు మనుషులతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటుందని, అందుకని వాళ్లు 40 ఏళ్లకు గానీ, ఇంట్లో ఆ వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మలద్వారం నుంచి పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలని ఆయన వివరంగా చెప్పారు. నాకు 46 ఏళ్లు. ఆ లెక్కన నా గడువు ఆరేళ్ల కిందటే దాటిపోయింది.

అయినా నేను వెంటనే వెళ్లలేదు. నాకు రక్తం పడటం లేదు, నొప్పి లేదు, విరేచనం సక్రమంగానే అవుతోంది. ఏ బాధా లేకుండా ఆస్పత్రికి వెళ్లడమేమిటన్నది ఒకటి, ఆ పరీక్ష ఏ దారిన చేస్తారో తలుచుకుంటే కలిగే సిగ్గు మరొకటి. అదీగాక, మేం శాకాహారులం కదా అన్న ధీమా లోపల ఎక్కడో ఉండనే ఉంది. సంక్రాంతికి అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు, "నువ్వు చూపించుకున్నావా?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకేమీ అనలేదు, కానీ ఆ పూట భోజనం దగ్గర నా ముఖం చూడలేదు. పండుగ వెళ్లిన వారంలోనే సూర్యారావుపేటలో ఒక గ్యాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆవిడ నన్ను పరీక్ష బల్ల ఎక్కించే ముందు ముప్పావుగంట మాట్లాడారు. ఒక కాగితం ముందు పెట్టుకొని వరసగా ప్రశ్నలు అడిగారు. వయసు, ఇంట్లో ఎవరెవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చింది, షుగరు ఉందా, ఇంతకుముందు పేగులో పాలిప్‌లు, అంటే లోపలి పొర మీద మొలిచే చిన్న కండలు, తీశారా, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వంటి పేగు వాపు జబ్బులు ఏళ్ల తరబడి ఉన్నాయా, పొట్ట భాగానికి ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చారా, పొగాకు, మద్యం, మాంసం, రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎంత నడుస్తారు. పొగాకు, మద్యం, మాంసం దగ్గర మూడు సార్లు "లేదు" అని చెప్పేటప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ లెక్క 28 దాటింది. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క వేస్తారని ఆవిడ చెప్పారు. నర్సు వచ్చి నడుం చుట్టుకొలత తీసింది, 94 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 దాటకూడదు. గత నెల చేయించిన రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బీఏ1సీ, 6.2 ఉంది. షుగరు జబ్బుకు ముందు మెట్టు అది. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఉదయం పదిన్నరకు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా భోజనానికి తప్ప లేవను.

"మీ అన్నగారికి, మీకు పోలిక ముఖంలోనే కాదమ్మా, నడుం దగ్గర కూడా ఉంది" అన్నారు ఆవిడ. నన్ను నొప్పించాలని అన్న మాట కాదది.

ఆవిడ చెప్పినవాటిలో నాకు బాగా నాటుకున్నవి ఇక్కడ చెప్పాలి. ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం వయసే. ఎక్కువ మందికి 50 తర్వాతే వస్తుంది. అయితే చాలా దేశాల్లో 50 లోపు వాళ్లలో పెరుగుతోంది కాబట్టి, అమెరికాలో సాధారణ ముప్పు ఉన్నవాళ్లు పరీక్షలు మొదలుపెట్టాల్సిన వయసును 2021లో 50 నుంచి 45కు తగ్గించారు. 2022 సంవత్సరపు అంచనాల్లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షలకు పైగా కొత్త కేసులు, 9 లక్షల మరణాలు ఉన్నాయి. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది తక్కువే. కానీ మన ప్రభుత్వ కార్యక్రమాల్లో ఊరూరా చేసే క్యాన్సర్ స్క్రీనింగ్ నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి పరిమితం. పెద్దపేగు అందులో లేదు. అంటే రమ్మని మనల్ని పిలిచేవారు ఉండరు, మనమే వెళ్లాలి.

పొట్ట చుట్టూ కొవ్వుకూ పేగులో గడ్డకూ సంబంధం ఏమిటని అడిగాను. ఆ కొవ్వు వల్ల శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు, అందుకని ఇన్సులిన్ ఇంకా ఎక్కువ ఊరుతుంది. ఇన్సులిన్‌కూ, దాన్ని పోలిన మరికొన్ని రసాయనాలకూ కణాలను పెరగమని ప్రోత్సహించే గుణం ఉంది. పేగు లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే చోటు కాబట్టి, అక్కడ ఆ ప్రోత్సాహం ఏళ్ల తరబడి ఉండటం మంచిది కాదు. రెండో రకం షుగరు ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. శరీరాన్ని కదిలిస్తే ఇన్సులిన్ తగ్గుతుంది, బరువు తగ్గకపోయినా నడకకు తన ఫలితం తనకు ఉంటుంది. అన్నయ్య పాతికేళ్ల గల్లాపెట్టె, నా ఇరవై ఏళ్ల కుర్చీ రెండూ నాకు ఆ క్షణంలో పక్కపక్కన కనిపించాయి.

ఒక్క మాట ఆవిడ పదేపదే చెప్పారు. ఇవేవీ కలిసి ఒక మనిషికి క్యాన్సర్ తెచ్చాయని వేలు పెట్టి చూపించలేమని, ముప్పు అంటే అవకాశం పెరగడమేనని, నాజూగ్గా ఉండి రోజూ నడిచే వాళ్లకు కూడా ఇది వస్తుందని. అన్నయ్య కణితి ముక్క మీద వంశపారంపర్య లోపం కోసం చేసే పరీక్ష కూడా చేశారు. లించ్ సిండ్రోమ్ అనే ఆ లోపం లక్షణాలు అందులో లేవు. అలాంటి స్పష్టమైన జన్యులోపంతో వచ్చేవి నూటికి అయిదు దాకా మాత్రమే. మాది ఆ లెక్కలోకి రాదు. ఒకే తల్లిదండ్రుల రక్తం, ఒకే వంటింటి అన్నం, ఒకే రకం కూర్చున్న ఉద్యోగాలు మాకు ఉమ్మడిగా ఉన్నాయి.

మా బంధువుల్లో చాలామంది యార్డులోని మిరప ఘాటునో, ఇంట్లోని ఆవకాయనో తప్పుపట్టారు. అదీ అడిగాను. పెద్దపేగు క్యాన్సర్‌కు శాస్త్రం నిర్ధారించిన కారణాల్లో కారం లేదని, అయితే ఉన్న కారణాలను వదిలిపెట్టి లేని కారణాన్ని పట్టుకోవడం వల్ల నష్టమేనని ఆవిడ అన్నారు. గుంటూరు వాళ్లం గనుక కారం మీద నింద వేయడం మాకు సులువు. మొలల వైద్యంలో కూడా అన్నయ్యకు దొరికిన సలహా అదే కదా.

ఆవిడ శాకాహారం సంగతి తీసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. మాంసం తినకపోవడం ఒక మేలే. నిల్వ కోసం ఉప్పు, నైట్రైట్లు పట్టించిన సాసేజ్, సలామీ, బేకన్ వంటి మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మనుషుల్లో క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. పొగాకును పెట్టిన వర్గంలోనే దీన్నీ పెట్టారు, కానీ పొగాకంత ప్రమాదకరమని దాని అర్థం కాదు, ఆధారం అంత గట్టిగా ఉందని మాత్రమే. వేట మాంసం, గొడ్డు మాంసం, పంది మాంసం వంటి ఎర్ర మాంసాన్ని "బహుశా కారకం" అనే తర్వాతి వర్గంలో ఉంచారు. ఇవన్నీ లేకపోయినంత మాత్రాన పళ్లెంలో పేగుకు కావలసింది ఉన్నట్టు కాదు కదా అని ఆవిడ అడిగారు. "పీచు ఎంత తింటున్నారు?" కూరలు రోజూ వండుతాం కదా, బాగానే తింటున్నాను అన్నాను. ఒకరోజు తూచి చూడమన్నారు.

ఆ ఆదివారం తూచాను. మా అబ్బాయి ఎప్పుడో కొన్న చిన్న డిజిటల్ కాటా వంటింట్లో ఉంది. మధ్యాహ్నం ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చారు, ఆవకాయ, పెరుగు. నా కంచంలోకి వచ్చిన దొండకాయ వేపుడు 65 గ్రాములు. అన్నం 390 గ్రాములు. పప్పుతో ఒకసారి, ఆవకాయ, నెయ్యితో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. నాలుగు సార్లూ వడ్డించుకున్నది అన్నమే, రుచి మాత్రం మారింది. రాత్రి మిగిలిన వేపుడు 40 గ్రాములు, మళ్లీ అన్నం. ఒక అరటిపండు. కూరగాయలు, పళ్లు కలిపి రోజు మొత్తం మీద 200 గ్రాములకు మించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తినమనేది కనీసం 400 గ్రాములు. కంచం నిండుగా ఉంటుంది కాబట్టి కూర తింటున్నామన్న భ్రమలో ఇరవై ఏళ్లు గడిపాను. మా ఇంట్లో వండేది సాంబమసూరి, మన బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204 రకం, అది కూడా తెల్లగా పాలిష్ పట్టించినది. అలాంటి బియ్యంలో వంద గ్రాములకు పీచు 3 గ్రాముల లోపే. రాగుల్లో, జొన్నల్లో 10 గ్రాములకు పైగా ఉంటుంది. మా నాయనమ్మ కాలంలో రాత్రిపూట జొన్నన్నం తినేవాళ్లు. అది పేదరికపు తిండి అన్న భావంతో మా అమ్మ హయాంలోనే మానేశాం.

పీచు మలాన్ని త్వరగా కదిలిస్తుందని నాకు తెలుసు. దాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి, పేగు పొర కణాలకు ఆహారమయ్యే బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయన్నది తెలియదు. పాలు, పెరుగు, వాటిలోని కాల్షియం ఈ జబ్బు ముప్పును కొంత తగ్గిస్తాయని విని మాత్రం సంతోషపడ్డాను. పెరుగన్నం మానుకోమంటారేమో అన్న భయం నాకు లోపల ఉండేది.

ఇక పరీక్ష సంగతి. ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేనివాళ్లకు మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టుకునే ఫిట్ అనే పరీక్ష ఏటా చేస్తే సరిపోతుందని, అందులో రక్తం ఉందని తేలితే మాత్రం కొలనోస్కోపీ తప్పదని చెప్పారు. నా విషయంలో నేరుగా కొలనోస్కోపీయే. మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, గింజలున్న పళ్లు, టమాటా, పప్పు తొక్కలు, పీచు ఉన్నవన్నీ మానమన్నారు. గింజ గానీ తొక్క గానీ పేగు గోడకు అంటుకొని ఉంటే దాని కింద ఉన్నది కనిపించదట. వాడుతున్న ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాను, అవి మలాన్ని నల్లగా చేసి పేగు పొరను కప్పేస్తాయి. ముందు రోజు ఉదయం రెండు ఇడ్లీలు, ఆ తర్వాత తేట ద్రవాలు మాత్రమే. కొబ్బరినీళ్లు, వడకట్టిన బార్లీ నీళ్లు, పాలు పోయని టీ. మజ్జిగ కూడదు. ఎర్రరంగు పానీయాలు అసలే కూడదు, లోపల రక్తమేమోనని పొరబడతారు.

అసలు కష్టం సాయంత్రం ఆరుకు మొదలైంది. పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడిని రెండు లీటర్ల నీటిలో కలిపి, ఒక లీటరు ఆ రాత్రి, మరో లీటరు తెల్లవారుజామున తాగాలి. పావుగంటకొక గ్లాసు. నిమ్మ వాసన వేస్తూ, ఉప్పగా, కాస్త జిగటగా ఉంటుంది. మూడో గ్లాసుకు వాంతి వచ్చినట్టయింది. మావారు నిమ్మచెక్క వాసన చూపించారు, మా అబ్బాయి ఫోనులో టైము పెట్టి గ్లాసు గ్లాసుకూ గుర్తుచేశాడు. ఎనిమిది గంటలకు కడుపులో గుడగుడ మొదలైంది, ఆ తర్వాత పదిసార్లకు పైగా వెళ్లాల్సి వచ్చింది. తెల్లవారుజామున నాలుగుకు లేచి రెండో లీటరు తాగడం రాత్రికంటే కష్టంగా తోచింది, ఒంట్లో ఓపిక లేదు. ఆరు గంటలకు వచ్చింది కేవలం లేత పసుపు రంగు నీరు, మడ్డి లేదు. అదే కావాల్సిందని రాసిచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితాన్ని గోడకు అంటించుకొని, అయిన పనికల్లా టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. ఈ ఒక్క రాత్రి శ్రద్ధగా చేయకపోతే పరీక్ష మొత్తం వృథా అవుతుందని చేయించుకోబోయే వాళ్లకు గట్టిగా చెబుతాను. పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు కనిపించవు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

ఆస్పత్రిలో సంతకం పెట్టించుకునే ముందు రక్తస్రావం, పేగుకు చిల్లు పడటం వంటివి అరుదుగా జరగవచ్చని వివరించారు. తొమ్మిదిన్నరకు లోపలికి తీసుకెళ్లారు. నర్సు చిన్న వయసు పిల్లే. "చివరిసారి ఏ రంగులో వచ్చిందండీ?" అని మంచినీళ్లు కావాలా అన్నంత మామూలుగా అడిగింది. నాలుగు నెలలు నన్ను ఆపిన సిగ్గు ఆ ఒక్క ప్రశ్నతో పోయింది. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకొని పడుకోమన్నారు, నరానికి మత్తు ఇచ్చారు. తర్వాత నాకు తెలిసింది మావారు పేరు పెట్టి పిలవడమే. అరగంట పట్టిందట. కడుపులో గాలి ఉబ్బరం తప్ప నొప్పి లేదు.

మధ్యాహ్నం డాక్టరు గారు ఫొటోలు చూపించారు. పెద్దపేగు అయిదడుగుల పొడవునా గులాబీ రంగులో తడిగా మెరుస్తున్న గొట్టం. మధ్య భాగంలో 4 మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి, సిగ్మాయిడ్ వంపులో 8 మిల్లీమీటర్లది ఒకటి. రెండోది నానబెట్టని శనగగింజంత ఉంది, కొంచెం ఎర్రగా, చిన్న కాడ మీద నిలబడి ఉంది. పక్క ఫొటోలో దాని మెడకు సన్నని తీగ ఉచ్చు బిగించి ఉంది. మూడో ఫొటోలో అది లేదు, తెల్లని చిన్న మచ్చ మాత్రం ఉంది. వారం తర్వాత వచ్చిన బయాప్సీలో రెండూ ట్యూబులర్ అడినోమాలని, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం పాలిప్‌లని, ఇప్పటికైతే క్యాన్సర్ కణాలు లేవని ఉంది. అడినోమాలన్నీ క్యాన్సర్ కావు. అయ్యేవి కూడా సాధారణంగా పదేళ్లో, అంతకంటే ఎక్కువో తీసుకుంటాయి. పెద్దపేగు క్యాన్సర్‌లలో ఎక్కువ భాగం మాత్రం ఇలాంటి పాలిప్‌లుగానే మొదలవుతాయి.

నేను ఆ ఫొటోను చాలాసేపు చూశాను. అన్నయ్య గడ్డ కూడా అదే వంపులో ఉంది. అతనికి నలభై రెండేళ్లప్పుడు, షుగరు మొదలైన రోజుల్లో, బహుశా అదీ ఇంతే ఉండి ఉంటుంది. అప్పుడు చూసి ఉంటే అరగంట పని. కానీ అతనికంటే ముందు మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు రాలేదు గనుక, చూపించుకోమని చెప్పడానికి కారణమే లేకపోయింది. అతని జబ్బు వల్లనే నా శనగగింజ దొరికింది. ఈ మాట అతనితో చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది. చెబితే, "మంచిదేగా" అన్నాడు.

మొత్తం మీద పొడి, మత్తు, పాలిప్‌లు తీయడం, బయాప్సీ అన్నీ కలిపి 14 వేల రూపాయలయింది. ఇంట్లో ఉన్న చరిత్ర దృష్ట్యా అయిదేళ్లకు మళ్లీ రమ్మన్నారు. అన్నయ్య కూతురికి, మా అబ్బాయికి కూడా నలభై వచ్చేసరికి ఈ సంగతి తెలిసి ఉండాలని, రిపోర్టులు రెండూ భద్రపరచమని చెప్పారు.

ఇప్పుడు ఉదయం అయిదున్నరకు సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నలభై నిమిషాలు నడుస్తున్నాను, వారానికి అయిదు రోజులు. వారానికి కనీసం 150 నిమిషాలని డాక్టరు గారు చెప్పిన లెక్క దాటుతోంది. ఆఫీసులో ఫైళ్ల బీరువాను నా బల్ల పక్క నుంచి గది అవతలికి మార్పించుకున్నాను, లేవక తప్పదు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, పొద్దున వారానికి మూడుసార్లు తొక్కతో రుబ్బిన పెసరట్టు. కంచంలో ముందు కూర పెట్టుకొని, ఆ తర్వాత అన్నం. అయిదు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను, నడుం ఇంకా 90 దగ్గరే ఉంది. మా అబ్బాయి ఇంట్లో శాకాహారి, కాలేజీ దగ్గర స్నేహితులతో సాసేజ్ పిజ్జా తింటాడని నాకు తెలుసు. కోప్పడలేదు. 50 గ్రాముల లెక్క చెప్పాను, రోజూ తినే వస్తువుగా మాత్రం చేసుకోవద్దన్నాను. కాలేజీలో మందు, సిగరెట్ల సంగతి కూడా దాచకుండా మాట్లాడాను. మద్యం కూడా పెద్దపేగు క్యాన్సర్‌కు నిర్ధారితమైన కారణమేనని, ఎంత తాగితే ముప్పు అంత పెరుగుతుందని వాడికి అప్పటిదాకా తెలియదు.

చెల్లెలు మాత్రం చాలా రోజులు ఒప్పుకోలేదు. దానికి 43 ఏళ్లు, సన్నగా ఉంటుంది, "నాకేం ఉందక్కా, నాకు షుగరు కూడా లేదు" అనేది. నా ఫొటోలు పంపితే చూడలేక తీసేశానంది. నేను చెప్పవలసినవన్నీ అయిపోయాక, అన్నయ్యే ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో ఇద్దరూ చెప్పలేదు. మర్నాడు చెల్లెలు నాకు ఫోన్ చేసి, మీ డాక్టరమ్మ నంబరు ఇవ్వమంది.

వచ్చే గురువారం దానికి పరీక్ష. టిక్కులు పెట్టిన నా కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, బుధవారం మధ్యాహ్నానికి తెనాలి చేరుకుంటాను. వేళ్ల తిమ్మిరి ఇప్పుడు చాలావరకు తగ్గిందని, గ్లాసు గ్లాసుకూ టైము చూడటానికి తాను కూడా వస్తానని అన్నయ్య అన్నాడు.